ఓవెన్ తలుపు వెనుక

షాబాన్ నెల సగం దాటిందంటే మన ఇళ్లలో శుభ్రపరిచే పనులు మొదలవుతాయి. గోడలకు సున్నం, తలుపులకు రంగు, పరదాలకు ఉతుకు, పప్పుల డబ్బాలకు ఎండ. రంజాన్ అనే అతిథి ఇంటికి రానున్నాడన్న భావన పిల్లల చేత కూడా చీపురు పట్టిస్తుంది. కంటికి కనిపించే ప్రతి మూలనూ మనం తుడుస్తాము. అయితే వంటగదిలో ఒక వస్తువు తలుపు మూసుకొని కూర్చుంటుంది. పైన తళతళలాడుతూ, లోపల సంవత్సరకాలపు జిడ్డును దాచుకొని ఉంటుంది. అదే ఓవెన్. తలుపు మూస్తే మురికి కనిపించదు. కనిపించని మురికి ఎవరి బాధ్యతా కాదనుకోవడం మానవ సహజం. ఈ వ్యాసంలో ఆ తలుపు తెరిచి చూద్దాము.

నా పుట్టినిల్లు ఎల్లారెడ్డి, మెట్టినిల్లు కామారెడ్డి. నా బాల్యంలో మా ఇంట ఓవెన్ అన్న మాటే లేదు. మా అమ్మీ కట్టెల పొయ్యి మీద వంట చేసేది. తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు ముగించుకొని, ముందుగా పొయ్యిలోని బూడిదను చేటలోకి తీసి, ఎర్రమట్టి కలిపిన నీళ్లలో అలుకుగుడ్డ ముంచి పొయ్యిని, దాని చుట్టూ ఉన్న నేలను అలికేది. అలికిన తడి ఆరిన తరువాతనే మంట. పొయ్యి మీద గిన్నె ఎక్కించే ముందు దాని అడుగున తడిమట్టి పూసేది. మసి ఆ మట్టికి పట్టేది గాని గిన్నెకు పట్టేది కాదు. వంట ముగిశాక కాసిన్ని నీళ్లు పోస్తే మట్టితో పాటు మసి కూడా జారిపోయేది. శుభ్రపరచడం వంట తరువాతి పని కాదు, వంటకు ముందే మొదలయ్యే పని అని ఆమె ఎవరికీ ఉపన్యసించలేదు. ప్రతి ఉదయం చేసి చూపింది, అంతే.

తీసిన బూడిద కూడా వృథా అయ్యేది కాదు. నిజాంసాగర్ చేపలు వండిన నాటి జిడ్డు గిన్నెలనైనా సరే, పిడికెడు కట్టెల బూడిదతో, కొబ్బరిపీచుతో తోమితే నీచువాసన లేకుండా మెరిసేవి. ఇందులోని రహస్యం నాకు చాలా కాలం తరువాత బోధపడింది. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ అనే క్షారం ఉంటుంది. క్షారం కొవ్వుతో కలిసినప్పుడు ఆ కొవ్వులో కొంత భాగం సబ్బుగా మారుతుంది. అంటే అమ్మీ గిన్నె తోముతూ ఆ గిన్నెలోనే, ఆ జిడ్డుతోనే, అప్పటికప్పుడు సబ్బు తయారు చేసేదన్నమాట! మన పల్లెల్లో చాకలివారు బట్టలకు వాడిన చౌడు మట్టి చేసిన పని కూడా ఇటువంటిదే.

క్షారాన్ని ఆంగ్లంలో ఆల్కలీ అంటారని మన పిల్లలు బడిలో చదువుకుంటారు. ఆ మాటకు మూలం అరబ్బీ పదమైన 'అల్-ఖలీ'. దానికి అర్థం ఒక రకం ఉప్పునేల మొక్కలను కాల్చగా మిగిలిన బూడిద. పాలస్తీనాలోని నాబ్లుస్ నగరంలో, సిరియాలోని అలెప్పో నగరంలో ఇటువంటి క్షారాన్ని ఆలివ్ నూనెతో కలిపి శతాబ్దాలుగా సబ్బు తయారు చేస్తున్నారు. ఈ రెండు నగరాల సబ్బు తయారీ సంప్రదాయాలనూ 2024లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఎల్లారెడ్డిలో మా అమ్మీ చేతిలోని బూడిదకూ, నాబ్లుస్ కార్ఖానాలోని సబ్బుకూ ఉన్న బంధుత్వం తలచుకున్నప్పుడల్లా నాకు ఆనందం కలుగుతుంది.

కాలం మారింది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో 'దీపం' పథకం, 2016లో దేశమంతటా 'ఉజ్వల' పథకం వచ్చి పేద ఇళ్లకు కూడా గ్యాసు పొయ్యి చేరింది. అమ్మీ కళ్లకు పొగ బాధ తప్పింది. గల్ఫ్ దేశాల్లో కష్టపడే మన జిల్లా బిడ్డలు సెలవుపై వచ్చినప్పుడు మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు తెచ్చినట్లే ఓవెన్లు కూడా తెచ్చారు. మా ఇంటి ఓవెన్ కూడా అలా వచ్చినదే. మా తమ్ముడు గల్ఫ్‌లోని ఒక హోటల్లో తొమ్మిదేళ్లు పనిచేశాడు. ఒకసారి సెలవుపై వచ్చినప్పుడు నాకు ఒక ఓటీజీ కొనిచ్చాడు. మా అమ్మాయి అందులో నాన్‌ఖటాయీలు, కేకులు చేయడం నేర్చుకున్నది. ఇఫ్తార్ దినాల్లో మసాలా పట్టించిన కోడి కూడా అందులోనే కాలేది. క్రమంగా ఇరుగుపొరుగువారు పుట్టినరోజులకు కేకులు అడగసాగారు. కాలేజీ ఫీజుకు అక్కరకు వచ్చేంత ఆదాయం ఆ చిన్న పెట్టె నుండి రావడం మొదలైంది.

అయితే పొయ్యి వెంట అమ్మీకి తెలిసిన విద్య ఓవెన్ వెంట రాలేదు. మట్టి పొయ్యిని ఎలా అలకాలో తల్లి కూతురికి నేర్పింది. ఓవెన్‌ను ఎలా శుభ్రపరచాలో నేర్పే తల్లి ఏ ఇంటా లేదు. కనుకనే మనలో చాలామంది దానిని మురికి పేరుకొనే దాకా వదిలేసి, ఆ తరువాత ఒక్కరోజులో బలంతోనో, విషంతోనో వదిలించాలని చూస్తాము.

అసలు ఆ నల్లని పెంకు ఏమిటి? కోడి కాలేటప్పుడు కొవ్వు చిట్లి గోడల మీద పడుతుంది. పడిన వెంటనే అది మెత్తని జిడ్డే. గుడ్డతో తుడిస్తే వస్తుంది. తుడవకుండా మరునాడు మళ్లీ వేడి చేస్తే ఆ పలుచని పొర గట్టిపడి తలుపులకు వేసే వార్నిష్ వలె అతుక్కుంటుంది. మూడోసారి, నాలుగోసారి వేడికి అది మాడి బొగ్గు అవుతుంది. దాని మీద కొత్త జిడ్డు, ఆ జిడ్డు మీద కొత్త మంట. ఇక ఓవెన్ వెలిగించిన ప్రతిసారీ పాత కొవ్వు పొగలు కక్కుతుంది. ఉదయం చేసిన కేకులో నిన్నటి కోడి వాసన వస్తుంది. వాసన పట్టిన కేకును మా అమ్మాయి ఎవరికి అమ్మగలదు?

ఒక షాబాన్‌లో ఆమె ఓవెన్ శుభ్రపరచాలని నిశ్చయించుకొని, బజారు నుండి ఒక సీసా తెచ్చింది. దాని మీద పేరు లేదు, తయారీదారు లేడు, హెచ్చరిక లేదు. ఎంతటి మొండి జిడ్డయినా క్షణంలో పోతుందని మాత్రం అమ్మినవాడు చెప్పాడట. ఆ రోజు అమ్మీతో కలిసి ఎల్లారెడ్డి నుండి మా ఇంటికి వచ్చిన తమ్ముడు, అప్పటికి గల్ఫ్ ఉద్యోగం వదిలి శాశ్వతంగా తిరిగివచ్చి ఉన్నాడు. ఆ సీసా మూత తీయబోతున్న మేనకోడలి చేతి నుండి దానిని మెల్లగా తీసుకొని, "దీన్ని తాకవద్దు బేటీ, ఇది కాస్టిక్ సోడా నీళ్లు. దీని సంగతి నాకు తెలుసు" అన్నాడు. ఆపై చొక్కా చేతులు మడిచి ఓవెన్ ముందు కూర్చున్నాడు.

అతడు ఆనాడు మాకు చెప్పినదంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను. సోదరీమణులకు ఉపయోగపడుతుందని ఆశ.

మొదటి మాట మురికిని గుర్తించడం. వంటగదిలో మురికి మూడు రకాలు. చక్కెర, పాకం మాడితే పట్టేది మొదటిది. దానికి వేడినీళ్లు చాలు. కామారెడ్డి బెల్లానికి పేరుపొందిన ఊరు. చెరకు గానుగల దగ్గర బెల్లం దింపిన పెనంలో అది చల్లారక మునుపే నీళ్లు పోయడం పెద్దలు చూసే ఉంటారు. రెండోది కొవ్వు. దానికి క్షారం కావాలి. మూడోది బోరునీళ్లు ఆరిపోగా మిగిలే తెల్లని సున్నపు మరక. దానికి పులుపు కావాలి. ఏ మురికికి ఏది కావాలో తెలియనివారే ఎక్కువ రుద్దుతారు.

రెండో మాట వంటసోడా. ఇది కూడా క్షారమే. కాకపోతే చాలా మృదువైనది. పని మెల్లగా చేస్తుంది, చేతిని కాల్చదు. ముందుగా ఓవెన్ ప్లగ్గు తీయాలి. స్విచ్చి ఆపడం మాత్రమే చాలదు. పూర్తిగా చల్లారనివ్వాలి. లోపలి ఊచల అర, పళ్లెం, అడుగున రొట్టె పొడి రాలే రేకు బయటకు తీసి, వాటిని సబ్బు కలిపిన వేడినీళ్లలో నాననివ్వాలి. పళ్లెం అల్యూమినియందైతే సోడానీళ్లలో ఎక్కువసేపు నానబెట్టరాదు. అది నల్లబడుతుంది. ఆ తరువాత అరకప్పు వంటసోడాలో రెండు మూడు చెంచాల నీళ్లు కలిపి, గోరింటాకు ముద్ద వలె చేసి, లోపలి గోడలకు, తలుపు అద్దానికి లోపలి వైపు పూయాలి. వేడినిచ్చే కడ్డీలకు, వాటి వెనుక కనిపించే ఫ్యానుకు, సన్నని తీగ వంటి ఉష్ణమాపకానికి మాత్రం తగలనివ్వకూడదు. తలుపు మూసి రాత్రంతా వదిలేయాలి.

తెల్లవారి చూస్తే తెల్లని ముద్ద గోధుమరంగుకు మారి ఉంటుంది. తడిగుడ్డతో తుడిచి తీయాలి. ఇంకా అంటుకొని ఉన్నచోట పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గోకాలి. కత్తి, ఇనుప పీచు అద్దం మీదికి పోనివ్వరాదు. గీతపడిన అద్దం ఎప్పుడో ఒకనాడు వేడికి పగిలే ప్రమాదం ఉంటుంది. సోడా తుడిచిన తరువాత తెల్లని చారలు మిగులుతాయి. వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి, లేదా నిమ్మరసంలో నీళ్లు కలిపి, గుడ్డను ముంచి పిండి తుడిస్తే అవి పోతాయి. చివర శుభ్రమైన నీటి గుడ్డతో రెండుసార్లు తుడిచి, తలుపు తెరిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తరువాతనే ప్లగ్గు పెట్టి, కిటికీలు తెరిచి, పదినిమిషాలు ఖాళీగా వేడి చేయాలి. మొండి పెంకు ఒక్కరాత్రిలో పోకపోతే మరో రాత్రి. "రుద్దడం తగ్గించు, నాననివ్వడం పెంచు" అన్నది తమ్ముడి సూత్రం.

సోడా మీద వెనిగర్ పోస్తే బుస్సున పొంగే నురుగును చూసి చాలామంది ముచ్చటపడతారు. అది కార్బన్ డయాక్సైడ్ వాయువు. క్షారమూ, పులుపూ ఒకదానినొకటి రద్దు చేసుకోగా మిగిలేది ఉప్పునీటి వంటి ద్రవం మాత్రమే. కనుక రెండింటినీ ముందే కలపరాదు. సోడా తన పని ముగించాక పులుపు తన పనికి రావాలి.

మూడో మాట ప్రమాదం గురించి. కాస్టిక్ సోడా అంటే సోడియం హైడ్రాక్సైడ్. కొవ్వును క్షణాల్లో సబ్బు చేసే ఆ శక్తి మన చర్మంలోని కొవ్వును కూడా విడిచిపెట్టదు. కంటిలో పడితే చూపు పోయే ప్రమాదముంది. అల్యూమినియం పళ్లేన్ని తినివేసి, మండే గుణమున్న హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది. పొరపాటున మీద పడితే ధారగా పారే నీటితో కనీసం ఇరవై నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు వెళ్లాలి. దాని మీద వెనిగర్, నిమ్మరసం పోయరాదు. పిల్లలు తాగితే వాంతి చేయించే ప్రయత్నం చేయరాదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో ఇటువంటివి పోసి ఉంచడం ఇంట్లో పామును పెంచడమే. అలాగే బ్లీచింగు ద్రవాన్ని మరుగుదొడ్డి యాసిడ్‌తో గాని, వెనిగర్‌తో గాని కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన గదిలో అది ప్రాణాంతకం.

మైక్రోవేవ్ సంగతి వేరు. అందులో గోడలు అంతగా వేడెక్కవు గనుక జిడ్డు మాడదు, ఎండి అతుక్కుంటుంది. గాజు గిన్నెలో నీళ్లు పోసి, నిమ్మచెక్కలు వేసి, ఒక చెక్క చెంచా అందులో ఉంచి మూడు నిమిషాలు వేడి చేయాలి. చెంచా లేకుంటే నీరు మరుగుతున్నట్లు కనిపించకుండానే అతిగా వేడెక్కి, కదిలించగానే ఒక్కసారిగా పైకి చిమ్మవచ్చు. మరో ఐదు నిమిషాలు తలుపు మూసి ఉంచితే ఆవిరికి మురికి మెత్తబడుతుంది. ఇక తుడవడమే.

ఓవెన్ లేని ఇళ్లవారు కూడా ఈ మాటలు విడిచిపెట్టవద్దు. గ్యాసు పొయ్యి బర్నరు రంధ్రాలు మూసుకుపోతే నీలిమంట పసుపుపచ్చగా మారుతుంది, గిన్నెల అడుగు నల్లబడుతుంది. గ్యాసు సరిగా మండడం లేదనడానికి అది గుర్తు. సరిగా మండని మంట నుండి రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. ఇత్తడి బర్నర్లను చింతపండు కలిపిన వేడినీళ్లలో నానబెట్టి తోమి, రంధ్రాలను సూదితో తెరిచి, పూర్తిగా ఆరిన తరువాతనే బిగించాలి.

ఇవన్నీ చెబుతూ, చేసి చూపిస్తూ తమ్ముడు ఆ సాయంత్రం సోడా పూసి, మరునాటి ఉదయం తుడిచాడు. అతని చేతులు ఎక్కడా తడబడలేదు. ఏ మూల ఎంత నొక్కాలో, గుడ్డను ఎన్నిసార్లు పిండాలో ఆ చేతులకు కంఠస్థం అయినట్లుంది. మా ఫుప్పూ చూసి ఊరుకోలేక, "ఇంట్లో ఇంతమంది ఆడవాళ్లం ఉండగా మగవాడివి నీకెందుకురా ఈ పని?" అన్నది. తమ్ముడు నవ్వాడు. అమ్మీ మాత్రం నవ్వలేదు. అతని చేతులనే చూస్తూ, "ఇంత పనితనం ఎక్కడ నేర్చావు బేటా?" అని అడిగింది.

"అక్కడ నా పని ఇదే కదా అమ్మీ."

తొమ్మిదేళ్లుగా అమ్మీ అందరికీ చెప్పుకున్నది తన కొడుకు పెద్ద హోటల్లో ఉద్యోగం చేస్తున్నాడని. అందులో అబద్ధం లేదు. ఆ ఉద్యోగం ఏమిటో ఆమె అడగలేదు, అతడు చెప్పలేదు. వంటవాళ్లు వెళ్లిపోయాక రాత్రి పది నుండి తెల్లవారే దాకా మనిషి దూరగలిగేంత పెద్ద ఓవెన్లను కాస్టిక్ ద్రవంతో కడగడం అతని పని. చేతికి రబ్బరు తొడుగులు, కంటికి అద్దాలు ఇచ్చేవారట. తొడుగు చిరిగిన రోజున మాత్రం కొత్తది వచ్చే దాకా పని ఆగేది కాదట. అతని ఎడమ మణికట్టు మీది మచ్చలను మేము వేడినూనె పడిన మచ్చలనుకున్నాము. అమ్మీ ఆ మణికట్టును తన ఒడిలోకి తీసుకొని చాలాసేపు నిమిరింది. ఆపై ఫుప్పూ వైపు తిరిగి, "వీడు తొమ్మిదేళ్లు ఇతరుల పొయ్యిలు కడిగితేనే మన పొయ్యి వెలిగింది ఆపా" అన్నది. ఫుప్పూ మారుమాట్లాడలేదు. లేచి వెళ్లి నానబెట్టిన పళ్లేలు తోమసాగింది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఇంట్లో ఉన్నప్పుడు కుటుంబీకుల పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపిన సంగతి మనమందరం ప్రసంగాల్లో విన్నదే. విన్నది ఆచరణలోకి రావడానికి మా ఇంట ఒక ఓవెన్ కారణమైంది. ఇప్పుడు మా ఇంట్లో అది ఎవరు వాడితే వారే, గోరువెచ్చగా ఉండగానే, ప్లగ్గు తీసి సబ్బు గుడ్డతో తుడవాలి. దానికి ఐదు నిమిషాలు చాలు. నెలకు ఒకసారి సోడా పూత. ఆ పని మా అబ్బాయిది. మొదట్లో గొణిగాడు. మామయ్య మణికట్టు చూసిన తరువాత గొణగడం మానుకున్నాడు.

అయితే నా మనసులో మిగిలిన మాట ఇంటి ఓవెన్ గురించి కాదు. పెళ్లి మండపాల్లో మనం తిని లేచిన తరువాత డేగలు కడిగేవారున్నారు. ఇఫ్తార్ విందుల తరువాత పొయ్యిలు తోమేవారున్నారు. బేకరీల్లో మనం నిద్రించే వేళ బట్టీలు ఊడ్చేవారున్నారు. వారి చేతికి తొడుగు ఉందా, వాడే ద్రవం ఏమిటి, పనికి తగిన కూలీ ముడుతున్నదా అని అడిగే తీరిక మనకుండదు. వంట బాగుంటే వండినవారిని మెచ్చుకుంటాము. ఆ వంట చెడకుండా పాత్రను, పొయ్యిని శుద్ధంగా ఉంచినవారి పేరు కూడా మనకు తెలియదు. ఆ చేతుల వెనుక కూడా ఎక్కడో ఒక తల్లి ఉంటుంది. తన బిడ్డకు పెద్ద ఉద్యోగమని అందరికీ చెప్పుకుంటూ ఉంటుంది. ఆ ఉద్యోగాన్ని చిన్నది చేయకుండా ఉండడం మన చేతిలో పని.

తమ్ముడు ఇప్పుడు ఎల్లారెడ్డిలో ఒక చిన్న బేకరీ నడుపుతున్నాడు. ముగ్గురు కుర్రవాళ్లు పనిచేస్తారు. బట్టీ గది తలుపు పక్కన మేకుకు నాలుగు జతల రబ్బరు తొడుగులు వేలాడుతుంటాయి. వాటి కింద బట్టీ శుభ్రపరిచే వంతుల కాగితం అంటించి ఉంటుంది. శనివారం వంతు యజమానిది.